తోసిన చెయ్యి

"ఈ ఆడపిల్ల నేనే కదూ?"

వదిన పత్రికని విసిరికొట్టలేదు. ఆ పేజీ పైకొచ్చేలా మడిచి, టీచరు ముందు బల్ల మీద పెట్టి, ముడతపడిన చోట అరచేత్తో సాపు చేసింది కూడా. విసిరికొట్టి ఉంటేనే బాగుండేదనిపించింది టీచరుకి.

"ముందు కూర్చోండి వదినా."

"కూర్చోడానికి రాలేదు. అడిగినదానికి చెప్పు."

వదిన మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. భుజం మీద ఎర్రదారం ముక్క అతుక్కుని ఉంది. దుకాణంలో కుట్టుమిషను ముందు నుంచి ఉన్నపాటున లేచి, రెండు వీధులు నడిచి, మూడంతస్తులు ఎక్కి వచ్చిన మనిషి. యాభైకి దగ్గరపడిన ఆవిడకి ఇంకా ఊపిరి అందడం లేదు.

వంటగదిలో కూరగాయలు తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. అత్తగారు వింటున్నారన్నమాట.

టీచరు ఆ పేజీ వైపు చూడలేదు. చూడక్కర్లేదు, ప్రతి అక్షరం తనదే. వారమంతా బడిలో సైన్సు చెప్పడం, సెలవు రోజున అదే సైన్సుని కథగా అల్లి పత్రికకి పంపడం. ఆరేళ్ళ నుంచీ ఇదే పని. "సైన్సుని పథ్యంలా వడ్డిస్తే ఎవరూ ముట్టరు టీచరుగారూ, కథ కలిపి పెట్టండి" అని మొదటిరోజే చెప్పాడు సంపాదకుడు. కలిపి పెడుతూనే ఉంది. జనం తింటూనే ఉన్నారు. ఉప్పు గురించి రాసిన వారం అత్తగారు కూరల్లో ఉప్పు సగానికి తగ్గించేసి ఇంటిల్లిపాదినీ ఏడిపించారు.

ఈ వారం రక్తం గడ్డకట్టడం గురించి రాసింది. కథలో ఒక అక్క, ఒక తమ్ముడు. అక్కకి ఎనిమిదేళ్ళు, తమ్ముడికి ఐదు. రంగు పెన్సిలు కోసం కొట్టుకున్నారు. అక్క తోసింది. తమ్ముడు మూడు మెట్లు దొర్లాడు. నెత్తి మీద చిన్న బొప్పి. సాయంత్రం దాకా ఆడుకున్నాడు. మూడోనాటి పొద్దుటికి లేడు.

"మా దుకాణంలో పైకి చదివారు," అంది వదిన. "కొలతలివ్వడానికి వచ్చినావిడ చదువుతోంది. తక్కినవాళ్ళు వింటున్నారు. నేను తలొంచుకుని కుట్టుకుంటున్నా. 'పాపం, పసివాడు' అంది ఒకావిడ. 'అది పిల్ల కాదమ్మా, రాకాసి' అంది ఇంకొకావిడ. ఇరవయ్యేళ్ళ నుంచి నా చేత బట్టలు కుట్టించుకుంటున్న మనిషి!"

"ఆవిడకి అది మీరని తెలీదు కదా వదినా."

"నాకు తెలుసు కదా!"

గొంతు గదంతా మోగింది. 

"ఆఖరి వాక్యం చదువు," అంది వదిన. "నీ నోటితో చదువు."

టీచరు చదవలేదు. వదినే చదివింది, ఒక్కో మాటా విడదీసి. "పసివాణ్ణి చంపింది ఎవరు? అక్క చెయ్యేనా? వచ్చే వారం చూద్దాం."

"ఆ వాక్యం నాది కాదు. నేను మొత్తం ఒకేసారి రాసి పంపాను. చోటు చాల్లేదని రెండు ముక్కలు చేశారు. ఆ తోక సంపాదకుడు తగిలించాడు."

"మెట్లు కూడా అతనే తగిలించాడా? రంగు పెన్సిలు?"

టీచరు బల్ల మీది పత్రికని బోర్లించింది.

"నీకెవరు చెప్పారు? మీ ఆయన, మా చిన్న తమ్ముడేనా?"

"పెళ్ళైన కొత్తలో చెప్పారు."

"వాడికేం తెలుసని? వాడప్పుడు ఉయ్యాల్లో ఉన్నాడు! మేం చెప్పుకుంటే విన్నదే వాడికి తెలిసింది. నేను ఏడ్చినప్పుడు విన్నది. దాన్ని పట్టుకెళ్ళి నీ చెవిలో వేశాడు. నువ్వు పట్టుకెళ్ళి వీధిలో వేశావు." వదిన గొంతు తగ్గింది. తగ్గాక ఇంకా కష్టంగా ఉంది వినడం. "నన్ను ఒక్క మాట అడిగావా?"

ఊరు మార్చానని, నాన్నని పడవ నడిపేవాడిగా చేశానని, ఎవరూ గుర్తుపట్టరని సర్దిచెప్పుకోడానికి టీచరు దగ్గర చాలా మాటలున్నాయి. అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి.

"అడగలేదు," అంది. "అడిగితే వద్దంటారని అడగలేదు."

"అంటే, వద్దంటానని తెలిసే రాశావు."

"అవును వదినా."

వదిన ఆమెనే చూసింది. ఇంత సూటిగా ఒప్పుకుంటుందని అనుకోలేదు కాబోలు. అప్పుడు కూర్చుంది.

"నేను చేసింది తప్పే," అంది టీచరు. "కానీ మీరు విన్నది సగం కథ. మిగతా సగం కోసమే మొదటి సగం రాశాను. అది వినండి. విన్నాక వద్దంటే ఇప్పుడే ఫోన్ చేసి ఆపించేస్తాను. వచ్చే వారం ఆ పేజీలో వంకాయల గురించి రాస్తాను."

"వద్దు," అన్న మాట గుమ్మంలోంచి వచ్చింది.

అత్తగారు. చేతిలో కూరగాయల కత్తి, దానికి అంటుకున్న తొక్క. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ? తవ్వితే మట్టి తప్ప ఏముంటుంది? నువ్వు లే, దుకాణం అలా వదిలేసి వచ్చావు. సాయంత్రం మాట్లాడుకోవచ్చు."

"నువ్వుండమ్మా," అంది వదిన.

"కోడలు పిల్ల తప్పు ఒప్పుకుంది కదా. ఇంక సాగదీయడం దేనికి?"

"ఉండమన్నానా!" వదిన టీచరు వైపు తిరిగింది. "చదువు."

టీచరు లోపలి గదిలోంచి కాగితాలు తెచ్చింది. ఐదు కాగితాలు. అరవై మంది పిల్లల ముందు గొంతు చించుకునే మనిషికి ఇప్పుడు మొదటి మాట పెగలడానికి రెండుసార్లు దగ్గాల్సి వచ్చింది.

"'వీధిలో నీళ్ళ గొట్టం పగిలిందనుకోండి. మొదటి ఇంటాయన రెండో ఇంటి తలుపు కొడతాడు. రెండో ఇంటాయన మూడో ఇంటి తలుపు. అలా కబురు చేరి, అందరూ తట్టా పారా పట్టుకొచ్చి గండి పూడుస్తారు. మన ఒంట్లో నెత్తురు కారినప్పుడూ అంతే. రక్తంలో కొన్ని పదార్థాలున్నాయి. ఒకటి లేచి ఇంకోదాన్ని లేపుతుంది. చివరికి అన్నీ కలిసి గండి మూస్తాయి. దాన్నే గడ్డకట్టడం అంటాం.

"'ఈ పసివాడి ఒంట్లో ఒక ఇల్లు ఖాళీ. పుట్టినప్పటి నుంచీ ఖాళీయే. కబురు అక్కడిదాకా వచ్చి నిలిచిపోయేది. అందరికంటే ఎక్కువ రక్తం ఉరికిందని కాదు. ఆగాల్సినప్పుడు ఆగలేదు, అంతే. పుర్రె లోపల, ఎవరికీ కనపడకుండా, చుక్క చుక్కగా ఊరుతూ ఉండిపోయింది. బయట మాత్రం చిన్న బొప్పి.

"'అదే మెట్ల మీద నుంచి పక్కింటి పిల్లాడు దొర్లి ఉంటే, వాళ్ళమ్మ ఉఫ్ అని ఊదేది. మర్నాటికి మరిచిపోయేవారు. ఆ అక్క తోసిన తోపు, లోకంలో అక్కలందరూ తమ్ముళ్ళని తోసే తోపే.'"

వంటగదిలో కుళాయి కింద గిన్నెలో నీళ్ళు నిండి పొర్లుతున్నాయి. ఎవరూ వెళ్ళి కట్టలేదు.

"మళ్ళీ చదువు," అంది వదిన.

"మొదటి నుంచా?"

"ఆ ఆఖరి మాట."

టీచరు చదివింది. వదిన తన కుడిచేతిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటోంది, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు.

"నా కూతురు పుట్టినప్పుడు," అంది, "దాన్ని నేను ఉయ్యాల ఊపలేదు. నీకు తెలీదు, నువ్వప్పటికి రాలేదు. ఎత్తుకునేదాన్ని, పాలిచ్చేదాన్ని, అన్నీ చేసేదాన్ని. ఊపమంటే మాత్రం ఊపలేను. చెయ్యి ముందుకి చాచి తోయాలి కదా. పక్కింటావిణ్ణి పిలిచి ఊపించేదాన్ని. మా ఆయన బద్ధకం అనుకునేవాడు. అనుకోనీలే, అదే నయం అనుకునేదాన్ని." ఆగింది. "ఇది నిజమేనా? లేకపోతే, కథ బాగుంటుందని రాశావా?"

"నేను కల్పించింది ఊరూ పడవా మాత్రమే వదినా. తక్కినదంతా శాస్త్రం."

"శాస్త్రం సరే. మావాడికి ఆ జబ్బే ఉందని నీకెలా తెలుసు? నువ్వు వాణ్ణి చూడనైనా లేదు."

టీచరు తడబడింది. గుమ్మంలో ఉన్న అత్తగారి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది గానీ చూపు అటే పోయింది.

"మీ తమ్ముడు పన్ను పీకించుకున్న రోజు, అత్తయ్య దూది పట్టుకుని పొద్దుగూకేదాకా ఆయన పక్కనే కూర్చున్నారు. నోరు తెరవమనడం, చూడటం, మళ్ళీ తెరవమనడం. ఎందుకత్తయ్యా అంత కంగారు అంటే, మా తమ్ముడు పాలపన్ను ఊడినందుకే చచ్చిపోయాడే, రక్తం కట్టలేదు, అన్నారు."

వదిన మెల్లగా తలతిప్పింది. "నీకు తమ్ముడున్నాడా అమ్మా?"

అత్తగారు కత్తికి అంటుకున్న తొక్కని గోటితో గీకారు.

"నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. నాకో మేనమామ ఉండేవాడని నాకెవరూ చెప్పలేదే!"

"వాడికి ఆరేళ్ళు," అన్నారు అత్తగారు. "ఆరేళ్ళ వాడి గురించి చెప్పుకోడానికి ఏముంటుంది?"

టీచరు తరవాతి కాగితం తీసింది. పై పేరా వైపు ఒకసారి చూసి, కింద వేలు పెట్టి మొదలెట్టింది. "'ఇప్పుడు ఈ జబ్బుకి మందు ఉంది. ఆ లేని పదార్థాన్నే సూది ద్వారా...'"

"ఒక ముక్క దాటేశావు," అన్నారు అత్తగారు.

టీచరు తలెత్తింది.

"అమ్మల గురించిన ముక్క. అదీ చదువు. అది రాయకుండా ఉండవు నువ్వు."

"అత్తయ్యా, అది..."

"చదవమ్మా. నేను విన్నదే. ఇంకోసారి వింటే చావను."

టీచరు చదివింది. ఈసారి కాగితం మీద నుంచి కళ్ళెత్తకుండా.

"'ఆ పదార్థం ఎలా తయారుచేయాలో ఒంట్లో ఒక పుస్తకంలో రాసి ఉంటుంది. తల్లి దగ్గర ఆ పుస్తకం రెండు ప్రతులు ఉంటాయి. ఒకదాంట్లో పేజీ చిరిగిపోయినా రెండోది చూసి ఒళ్ళు నెట్టుకొస్తుంది. చాలామంది తల్లులకి తమ దగ్గర చిరిగిన ప్రతి ఉందనే తెలీదు. బిడ్డకి ఒక్క ప్రతే ఇస్తుంది. ఏది ఇస్తున్నదో ఆమె చేతిలో లేదు. ఆడపిల్లకి తండ్రి కూడా ఒకటి ఇస్తాడు కాబట్టి గట్టెక్కుతుంది. మగపిల్లాడికి తల్లి ఇచ్చిందొక్కటే దిక్కు. ఇందులో తల్లి చేసిన పాపం లేదు, ఎడమ కన్ను కంటే కుడి కన్ను చిన్నగా ఉండటంలో పాపం ఎంతో ఇందులోనూ అంతే.'"

"బాగా రాశావు," అన్నారు అత్తగారు. "ఆ డాక్టరు ఇంత బాగా చెప్పలేదు."

వదిన టక్కున తలెత్తింది. 

"ఏ డాక్టరు?" అంది వదిన.

అత్తగారు కత్తిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. కుర్చీలో కాదు, గుమ్మం పక్కన ఉన్న చిన్న పీట మీద కూర్చున్నారు.

"వాడు పోయిన రోజున ఆస్పత్రిలో నన్ను పక్కకి పిలిచాడు. ముసలాయన, మంచివాడే. 'మీ పుట్టింటి వైపు మగపిల్లలెవరైనా ఇలా పోయారా' అని అడిగాడు. లేదన్నాను."

"అబద్ధం చెప్పావు."

"చెప్పాను. ఆయన నమ్మలేదు. ఇది తల్లి వైపు నుంచి వస్తుందమ్మా, ఒళ్ళో ఉన్న బిడ్డకి కూడా పరీక్ష చేయించు అన్నాడు. ఏదో కాగితం మీద రాసిచ్చాడు. మా అత్తగారు వసారాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆవిడ కాగితం చూస్తే ఏమయ్యేదో తెలుసా? అంతకుముందే ఆవిడకి నేను గిట్టను. మనవణ్ణి నీ రక్తమే మింగేసింది అని నన్ను చంటివాడితో సహా బయటికి నెట్టేది. నాకు ఇరవై ఏడేళ్ళు. పుట్టింట్లో పట్టుమని పది రోజులు ఉంచుకునే దిక్కు లేదు. కాగితం చింపేశాను."

"తరవాత?"

"ఇంటికొచ్చాం. మా అత్తగారు అడిగింది, అసలెలా జరిగిందర్రా అని. నేనేం చెప్పాలో వెతుక్కుంటున్నా. ఈలోగా నువ్వు నా కొంగు పట్టుకుని..." అత్తగారు తన కొంగు అంచుని చూసుకున్నారు. "నువ్వే చెప్పావు. 'నేనే తోశాను నానమ్మా' అని."

వదిన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది.

"ఆ తరవాత ఎవరూ నన్నేం అడగలేదు," అన్నారు అత్తగారు.

బయట వీధిలో ఎవరో బండి స్టార్టు చేయడానికి మళ్ళీ మళ్ళీ తంతున్నారు. అందుకోవడం లేదు.

"బల్ల మూలలకి పాతగుడ్డలు చుట్టేదానివి," అంది వదిన. గుర్తు తెచ్చుకుంటున్నట్టు, ఎవరితోనూ కానట్టు. "వాణ్ణి పరుగెత్తనిచ్చేదానివి కాదు. వాడి మోకాళ్ళు ఎప్పుడూ నల్లగా కమిలిపోయి ఉండేవి. నాకు దెబ్బ తగిలితే మాత్రం పట్టించుకునేదానివి కాదు. వాడంటేనే నీకు ఇష్టం అనుకునేదాన్ని. అందుకే ఆ రోజు పెన్సిలు దగ్గర..." ఆగిపోయింది. "నీకు ముందే తెలుసు."

"తెలీదు. భయం ఉండేది. మా తమ్ముడిలా వీడూ అని. భయాన్ని పైకి అంటే నిజమైపోతుందని నోరు మూసుకున్నాను." అత్తగారు కూతురి వైపు చూశారు. "నేను నిన్ను ఏ రోజూ ఒక్క మాట అనలేదే."

"అనలేదు. కాదని కూడా అనలేదు."

  అరవై ఏడేళ్ళ మనిషి, పీట మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంటే, టీచరుకి ఆస్పత్రి వసారాలో చంటిబిడ్డని పొదువుకుని నిలబడ్డ ఇరవై ఏడేళ్ళ పిల్ల కనిపించింది. ఆ పక్కనే ఎనిమిదేళ్ళ పిల్ల కూడా కనిపించింది. ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడాలో ఆమెకి తెలియలేదు.

వదిన లేచి వంటగదిలోకి వెళ్ళింది. కుళాయి కట్టేసిన చప్పుడు. మొహం కడుక్కున్న చప్పుడు. చాలాసేపటికి, టవలు పట్టుకుని, తడి మొహంతోనే తిరిగొచ్చింది.

"వేయించు," అంది టీచరుతో. "వచ్చే వారం మొత్తం వేయించు. ఆ రాకాసి అన్నావిడ ఉంది చూడు, ఆవిణ్ణి నా దుకాణంలో కూర్చోబెట్టి, పైకి చదివిస్తాను. చదివేదాకా బట్టలివ్వను."

టీచరుకి నవ్వు రాబోయి ఏడుపైంది. తుడుచుకుంది. అసలు చెప్పాల్సినది ఇంకా మిగిలే ఉంది. అది పత్రిక కోసం రాసింది కాదు.

"వదినా, ఒకటి అడుగుతాను. మీ కాన్పప్పుడు రక్తం ఎక్కించారటగా?"

"మూడు సీసాలు. ఆగలేదు కదా మరి. బతకనన్నారు." మామూలుగా చెప్పేసింది వదిన. చెప్పేశాక, తను అన్నమాట తనకే వినిపించినట్టుంది. టవలు పట్టుకున్న చెయ్యి మెడ దగ్గర ఆగిపోయింది. "ఆగలేదు," అంది మళ్ళీ.

"చిరిగిన ప్రతి మీ దగ్గర కూడా ఉండొచ్చు. ఉందనడం లేదు. ఉండొచ్చు. కొంతమంది ఆడవాళ్ళకి కాన్పప్పుడే బయటపడుతుంది. మీ దగ్గర ఉంటే..."

"నా కూతురు."

"అమ్మాయికి రావచ్చు, రాకపోవచ్చు. బొమ్మా బొరుసూ లాంటిది. పరీక్షలు చేయిస్తే తెలిసిపోతుంది. ముందే తెలిస్తే డాక్టర్లు కాన్పుకి అన్నీ సిద్ధంగా పెట్టుకుంటారు. పుట్టేవాడు మగపిల్లాడై, వాడికి ఆ ఇల్లు ఖాళీగా ఉన్నా ఇప్పుడు మందుంది వదినా. ఆ పిల్లలు బడికెళ్తున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, ముసలివాళ్ళవుతున్నారు. తెలియకపోతేనే ప్రమాదం."

"దానికి ఐదో నెల," అంది వదిన.

"అందుకే ఇప్పుడే చెప్పాలి."

"వద్దు." వదిన టీచరు చెయ్యి పట్టుకుంది, గట్టిగా. "దానికి చెప్పొద్దు. మొన్నటి నుంచే కాస్త తిండి సయిస్తోంది. రాత్రిళ్ళు సరిగ్గా నిద్ర లేదు. ఇప్పుడీ మాట చెప్తే బెంగతోనే సగం చిక్కిపోతుంది. ముందు ఈ నెలలు గడవనీ. నేనే చూసి, సమయం చూసి..."

"నేనూ అలాగే అనుకున్నాను," అన్నారు అత్తగారు.

వదిన మాట మధ్యలో తెగిపోయింది.

"నువ్వు పెద్దమనిషయ్యాక చెబుదామనుకున్నాను. తరవాత పెళ్ళి కుదిరాక అనుకున్నాను. తరవాత కడుపుతో ఉన్నావు, ఇప్పుడెలా అనుకున్నాను. నువ్వు ఆస్పత్రిలో రక్తం ఓడుతుంటే గోడ పట్టుకుని నిలబడ్డాను, ఇప్పుడైనా చెప్పు ముండా అని నన్ను నేనే తిట్టుకుంటూ. బతికావు. ఇంకెందుకులే అనుకున్నాను." ముక్కు చీది, కొంగుతో తుడుచుకున్నారు. "మంచి సమయం అనేది రాదే తల్లీ. నేను చూశాను కదా."

వదిన చెయ్యి టీచరు చేతి మీద నుంచి జారింది. తల్లిని చూసింది. ఆ చూపులో కోపం ఉంది, చాలా ఉంది. ఎన్నేళ్ళకి తీరుతుందో తెలీనంత. ఆ కోపం వెనక, తల్లి నిలబడ్డ చోటే తనూ నిలబడ్డానని తెలిసిన భయం ఉంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎవరో మెల్లగా, ప్రతి మలుపులోనూ ఆగి ఆగి ఎక్కుతున్నారు.

"అమ్మా!" అని కింది అంతస్తు నుంచే కేక. "ఇక్కడున్నావా? మిషను మీద బట్ట అలా వదిలేసి ఎటు పోయావో అని ఊరంతా వెతుకుతున్నా!"

 అత్తగారు లేవబోయి, లేవలేక గోడ పట్టుకున్నారు. టీచరు బల్ల మీద పరిచి ఉన్న కాగితాల వైపు చెయ్యి చాచింది. కానీ ఆమె కంటే ముందు వదిన అందుకుంది. ఐదూ కలిపి మడిచి, టవలు కింద పెట్టబోయి, ఎందుకో ఆగింది.

కూతురు గుమ్మంలోకి వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని ఆయాసపడింది. నుదుటి మీద చెమట. ముగ్గురి మొహాలూ చూసింది. నవ్వబోయి మానేసింది.

"ఏమైంది అత్తా? అమ్మమ్మా, ఏడ్చావా?" ఇద్దరూ చెప్పకపోయేసరికి తల్లి దగ్గరికి వచ్చింది. "నీ చేతిలో ఏంటమ్మా ఆ కాగితాలు?"

వదిన నోరు తెరిచింది. మూసింది. అత్తగారు ఆమెనే చూస్తున్నారు, ఊపిరి బిగబట్టి.

"ముందు కూర్చో," అంది వదిన, కుర్చీ దగ్గరికి లాగుతూ. "నీ గురించే."